లోడ్జ్ గెట్టో నాణేలు: ఏది అసలు, ఏది నకిలీ, చివరికి ఏది కొనాలి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూదులను నిర్బంధించిన పేటలను గెట్టోలంటారు. వాటి లోపల మాత్రమే చెల్లిన గెట్టో డబ్బు ఒక్కటైనా ఆల్బమ్‌లో ఉండాలనుకునే వాళ్ళ ముందు నాలుగు దారులుంటాయి. ఆన్‌లైన్‌లో విడిగా దొరికే, పోలండ్‌లోని లోడ్జ్ గెట్టో నాణెం కొనడం, ఎన్‌జీసీ లేదా పీసీజీఎస్ లాంటి, నాణేలు పరీక్షించి గ్రేడ్ ఇచ్చే సంస్థ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీల్ చేసిన నాణెం కొనడం, నాణెం ఊసెత్తకుండా కాగితం నోటు తీసుకోవడం, నకలు అని తెలిసే నకలు తీసుకోవడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు: మొదటిసారి కొనేవాళ్ళు తెరేజియన్‌స్టాట్ అనే ఇంకో గెట్టో నోటు తీసుకోండి. నాణెమే కావాలంటే సీల్ చేసింది తీసుకోండి. విడి నాణెం మాత్రం త్రాసూ, లూపూ (చిన్న భూతద్దం) ఉండి, అసలు నాణేల ఫొటోలు బాగా చూసి చూసి కళ్ళు అలవాటుపడ్డ వాళ్ళకే.

ఎందుకంటే ఈ రంగంలో నకిలీలు మామూలుగా లేవు. పాత నిజాం రూపాయికో, ఈస్ట్ ఇండియా కంపెనీ అణాకో నకిలీ చేసేవాడు కనీసం వెండో రాగో పెట్టాలి. గెట్టో నాణేలు పుట్టిందే చవక లోహంలో, హడావుడిగా, గెట్టో లోపలి వర్క్‌షాపులో. అచ్చు నాసిరకంగా ఉన్నా కొనేవాడు "యుద్ధంలో చేసింది కదా, అలాగే ఉంటుంది" అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. పైగా వెనక అంత పెద్ద విషాదం ఉన్న వస్తువు కాబట్టి, బేరమాడుతూ ఎదురు ప్రశ్నలు వేయడానికి మనసొప్పదు. నకిలీ అమ్మేవాడికి కావలసింది కూడా ఆ మొహమాటమే.

మొదటి పరీక్ష: అలాంటిది అసలు ఉండేదా?

త్రాసు తీయక ముందు వేయాల్సిన ప్రశ్న ఇది. సగం నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి, పైసా ఖర్చు ఉండదు.

పోలండ్‌లోని లోడ్జ్ నగరాన్ని జర్మన్లు ఆక్రమించాక 1940 ఏప్రిల్‌లో దాని పేరు లిట్జ్‌మన్‌స్టాట్ అని మార్చారు. అదే నెలాఖరుకి యూదుల గెట్టో చుట్టూ కంచె మూసేశారు. లోపల ఒకటిన్నర లక్షకు పైగా జనం. వాళ్ళ దగ్గరున్న జర్మన్ మార్కులూ పోలిష్ జ్లోటీలూ లాగేసుకుని, బదులుగా గెట్టో బయట చిత్తుకాగితంతో సమానమైన డబ్బు ఇవ్వడం జర్మన్ పాలకుల పథకం. చేతిలో బయట చెల్లే డబ్బు లేకపోతే దొంగచాటుగా రొట్టె తెప్పించుకోవడం కూడా కష్టమే కదా. అలా 1940 మే 15 తేదీతో కాగితం నోట్లు వచ్చాయి: 50 ఫెనిగ్‌లు (వంద ఫెనిగ్‌లు ఒక మార్కు), 1, 2, 5, 10, 20, 50 మార్కులు. మీద యూదు పెద్దల మండలి అధ్యక్షుడు మొర్దెకాయ్ హయీమ్ రుమ్‌కోవ్‌స్కీ సంతకం ఉంటుంది, అందుకే జనం వాటిని వెటకారంగా "రుమ్కీలు" అనేవాళ్ళు. 1944 ఆగస్టులో గెట్టోని ఖాళీ చేసి మిగిలినవాళ్ళలో చాలామందిని ఆష్విట్జ్ మరణశిబిరానికి తరలించారు. రుమ్‌కోవ్‌స్కీ కూడా ఆ నెలలోనే అక్కడ చనిపోయాడు.

నాణేలు తర్వాత వచ్చాయి. చిల్లర కొరత వల్ల 1942లో 10 ఫెనిగ్‌ల నాణెం కొట్టారు. మొదట చేసింది జర్మనీ సొంత 10 ఫెనిగ్‌ల నాణేన్ని మరీ పోలి ఉందని అధికారులు అభ్యంతరం చెప్పడంతో డిజైన్ మార్చారు, అందుకే ఆ ఒక్క విలువలో రెండు రకాలు కనిపిస్తాయి. తర్వాత 1943 తేదీతో 5, 10, 20 మార్కులవి. ఐదు, పది మార్కులు అల్యూమినియంలోనూ, మెగ్నీషియం మిశ్రమంలోనూ ఉన్నాయి. ఇరవై మార్కులది చాలా అరుదు, పేరున్న వేలంపాటల్లో తప్ప అసలుది ఎదురుపడదు.

ఇంతే. జాబితా ఇంత చిన్నది కాబట్టి తీసేయడం తేలిక.

వెండి లోడ్జ్ నాణెం, రాగి లోడ్జ్ నాణెం, ఇత్తడిది, "ప్రత్యేక నమూనా" అంటూ బంగారు పూత పూసింది: ఇవేవీ గెట్టోలో చలామణి అయినవి కావు. ఆకలితో జనం రాలిపోతున్న చోట వెండి నమూనాలు ఎవరు కొడతారండీ? వార్సా గెట్టో పేరుతో గ్రోషీ (జ్లోటీలో వందో వంతు) నాణేలు అమ్ముతుంటారు, యూదు మండలి పేరు, ఆరు కోణాల నక్షత్రం అన్నీ పెట్టి. వార్సా గెట్టోలో సొంత నాణేలే లేవు, ఆక్రమిత పోలండ్ అంతా నడిచిన జ్లోటీలే అక్కడా నడిచాయి. అంటే ఆ గ్రోషీ దేనికీ నకలు కూడా కాదు, ఊహించి తయారుచేసిన వస్తువు. తెరేజియన్‌స్టాట్ నాణెం కూడా అలాంటిదే, అక్కడ నోట్లు మాత్రమే అచ్చయ్యాయి.

ఇక మీద ఉన్న రాత. మార్కుల నాణేల మీద ఒకవైపు నక్షత్రంతో పాటు గెట్టో అన్న మాట, 1943 అన్న సంవత్సరం ఉంటాయి. ఆ గెట్టో మాటలో ఐదు రోమన్ అక్షరాలే: జీ, ఈ, టీ, టీ, ఓ. జర్మన్ కార్యాలయాలు అప్పట్లో అలాగే రాసేవి. మనకు అలవాటైన ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో లాగా మధ్యలో హెచ్ కనిపించిందా, పక్కన పెట్టేయండి. రెండోవైపు ఇది ఇన్ని మార్కులకు రశీదు అనీ, చుట్టూ లిట్జ్‌మన్‌స్టాట్ యూదుల పెద్ద అనీ జర్మన్‌లో ఉంటుంది.

రెండో పరీక్ష: బరువు

మన దగ్గర ఆరు మూలల ఇరవై పైసల బిళ్ళ, అంచు పూరేకుల్లా ఉండే పది పైసల బిళ్ళ గుర్తున్నాయా? అల్యూమినియం, కాస్త మెగ్నీషియం కలిసిన లోహం. చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. లోడ్జ్ అల్యూమినియం నాణెం చేతికి అలాగే తగలాలి, మెగ్నీషియంది అంతకన్నా తేలిగ్గా. ఇంట్లో పాత పది పైసలుంటే ఒకసారి అరచేతిలో ఊపి చూసుకోండి, ఆ జ్ఞాపకం పనికొస్తుంది.

అంకెల్లో చెప్పాలంటే, ఒక ఘనపు సెంటీమీటరు మెగ్నీషియం సుమారు 1.74 గ్రాములు, అల్యూమినియం 2.70, జింకు 7.14, వెండి 10.49. ఊరికే ఉదాహరణకి 28 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న నున్నటి బిళ్ళ అనుకుందాం. మెగ్నీషియంలో రెండు గ్రాముల పైచిలుకు తూగుతుంది, అల్యూమినియంలో మూడుంపావు పైన, జింకులో తొమ్మిదికి దగ్గరగా. పోతపోసిన నకిలీలు ఎక్కువగా జింకు, తగరం, సీసం కలిసిన మిశ్రమాల్లో వస్తాయి కాబట్టి త్రాసు మీద పెట్టగానే గుట్టు బయటపడుతుంది. ఫొటోలో చూసి ఇది చెప్పలేం, అందుకే అమ్మేవాడిని మొదట అడగాల్సింది గ్రాముల్లో బరువు, అదీ త్రాసు మీద నాణెం పెట్టి తీసిన ఫొటోతో సహా. "త్రాసు లేదు" అన్నాడంటే నేనైతే అక్కడే ఆగిపోతాను. నాణేల వ్యాపారం చేస్తూ త్రాసు లేకపోవడమేంటి?

చిక్కల్లా అల్యూమినియంతోనే చేసిన నకిలీలతో. లోహం సరిపోతుంది, బరువు కూడా సరిపోవచ్చు. ఇంకో చిక్కు, అల్యూమినియం నాణేన్ని అరుదైన మెగ్నీషియం రకం అని చెప్పి ఎక్కువకి అమ్మడం. నాణెం అసలుదే, రకం అబద్ధం. దీనికి సాంద్రత కొలవాల్సిందే. మామూలుగా నాణేల సాంద్రత నీళ్ళలో కొలుస్తారు గానీ, మెగ్నీషియానికి నీళ్ళు పడవు, అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, 99 శాతం ఉన్నది. చిన్న కప్పులో అది పోసి, 0.01 గ్రాము దాకా చూపించే త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుక్కీ గోడలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు మీద కనిపించే అంకె పక్కకు తొలగిన ఆల్కహాల్ బరువు. నాణెం విడిగా 3.00 గ్రాములుండి ఆ అంకె 0.88 వచ్చిందనుకోండి, 3.00ని 0.79తో గుణించి 0.88తో భాగిస్తే 2.69. అల్యూమినియమే. 1.8 చుట్టుపక్కల వస్తే మెగ్నీషియం. బుడగలు నాణేనికి అంటుకోకుండా చూసుకోండి, లెక్క తప్పేది అక్కడే. దగ్గర్లో స్టవ్ వెలగకూడదని వేరే చెప్పాలా.

కాలిపర్స్‌తో వ్యాసం, మందం కొలిచి లెక్క వేస్తే కుదరదా అంటే, కుదురుతుంది గానీ మందం అంచు దగ్గర కొలుస్తాం, లోపల అక్షరాల మధ్య లోహం పల్లంగా ఉంటుంది, కాబట్టి సాంద్రత ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. జింకునీ అల్యూమినియాన్నీ వేరు చేయడానికి చాలు, అల్యూమినియాన్నీ మెగ్నీషియాన్నీ వేరు చేయడానికి చాలదు.

మూడో పరీక్ష: లూప్ కింద

పదింతలు పెద్దగా చూపే లూప్ చాలు. ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే చాలామంది చెప్పే "నాసిగా ఉంటే నకిలీ" అన్న సూత్రం గెట్టో నాణేలకు పనిచేయదు. అసలువే సగం సగం అచ్చులతో, కొన్ని పక్కకు జరిగి ఉంటాయి. నక్షత్రం గీతలు ఒకచోట లోతుగా, ఒకచోట పలచగా ఉండటం మామూలే. చూడాల్సింది అచ్చు బాగుందా లేదా అన్నది కాదు, లోహం మీద ఒత్తిడి పడిందా, లేక లోహం కరిగి గడ్డకట్టిందా అన్నది. డైతో, అంటే బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చుతో, కొట్టిన నాణెంలో అక్షరం బలహీనంగా ఉన్నా దాని గోడ నేలను కలిసే చోట ఒక తెగిన గీత ఉంటుంది. పోత పోసినదాంట్లో ఆ చోటు సబ్బు అరిగినట్టు గుండ్రంగా జారుతుంది, నేల మీద సూదిమొన బెజ్జాలు కనిపిస్తాయి, అంచు చుట్టూ తిప్పి చూస్తే అతుకు గీతో, దాన్ని ఆకురాయితో గీకిన గుర్తులో ఉంటాయి.

బెజ్జాలు అనగానే ఇంకో జాగ్రత్త. మెగ్నీషియం నాణేలు తేమకి తినేసుకుపోతాయి. మట్టిలోంచి తీసినవి చాలానే ఉన్నాయి, వాటి నిండా గుంటలే. తేడా ఎక్కడంటే, తుప్పు గుంట అంచులు చిరిగినట్టు ఉంటాయి, లోపల తెల్లటి పొడో నల్లటి పొరో ఉంటుంది, ఒకచోట గుంపుగా ఒకచోట అసలు లేకుండా ఉంటాయి. పోత బెజ్జం గుండ్రంగా, లోపల మెరుస్తూ ఉంటుంది.

రంగు సంగతి. మెగ్నీషియం బూడిదరంగుకి తిరిగి నల్లబడుతుంది, మధ్యమధ్య తెల్ల మచ్చలు. అల్యూమినియం తెల్లగానే ఉండి మెరుపు తగ్గుతుంది. కొత్త అల్యూమినియం నకిలీని పాతదిగా చూపించడానికి అక్షరాల సందుల్లో నల్లరంగు పూసి పైన తుడిచేస్తారు. అలాంటప్పుడు నలుపు అన్ని సందుల్లోనూ ఒకే మోతాదులో, కొలిచి పోసినట్టు ఉంటుంది. అసిటోన్‌లో ముంచిన దూది పుల్లతో ఒక మూల తాకితే దూదికి రంగు అంటుకుంటుంది. నిజమైన ఆక్సైడ్ పొర అలా ఊడిరాదు.

అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇంకోటుంది, దీనికి నాణెం చేతిలో ఉండాల్సిన పని కూడా లేదు. నకిలీ డైలు చాలాసార్లు ఒక అసలు నాణెం నుంచే తీస్తారు. ఆ అసలు నాణేనికి ఎప్పుడో తగిలిన నొక్కు, గీత కూడా నకళ్ళన్నిటికీ సంక్రమిస్తాయి. కాబట్టి మీరు కొనాలనుకున్న నాణెం ఫొటోని పెద్దది చేసి, అంచు మీద ఒక చిన్న నొక్కు, నక్షత్రం పక్కన ఒక గీత గుర్తుపెట్టుకుని, అలాంటి నాణేలు అమ్మకానికి పెట్టిన వేరే ఫొటోలు తిరగేయండి. అదే నొక్కు, అదే చోట, ఇంకో నాణెం మీద కనిపించిందంటే రెండూ పోయినట్టే. రెండు వేర్వేరు నాణేలు సరిగ్గా ఒకే చోట కిందపడి దెబ్బ తినవు కదా.

ఏ పరీక్ష దేనికి పనికొస్తుందో ఒకచోట పెడితే ఇలా ఉంటుంది:

| పరీక్ష | ఏం పట్టుకుంటుంది | ఏం పట్టుకోలేదు | ఎవరికి కుదురుతుంది |
|---|---|---|---|
| అలాంటి నాణెం ఉండేదా అన్న ప్రశ్న | ఊహించి చేసిన వార్సా నాణేలు, వెండి, ఇత్తడి నకళ్ళు | అసలు డిజైన్‌ని దించేసిన నకిలీలు | అందరికీ |
| అయస్కాంతం | ఇనుము, నికెల్ | జింకు, రాగి, ఇత్తడి, అల్యూమినియం | అందరికీ, లాభం తక్కువ |
| బరువు | జింకు, సీసం పోతలు | అల్యూమినియం నకిలీలు | అందరికీ |
| ఆల్కహాల్‌లో సాంద్రత | అల్యూమినియం, మెగ్నీషియం తేడా | సరైన లోహంలో కొత్తగా కొట్టినవి | ఓపిక ఉన్నవాళ్ళకి |
| లూప్ | పోతలు, పూసిన నలుపు, చెరిపేసిన గుర్తులు | మంచి డైతో కొట్టినవి | అలవాటుపడ్డ కళ్ళకి |
| ఫొటోల్లో ఒకే నొక్కు వెతకడం | ఒకే డై నుంచి వచ్చిన నకిలీలు | కొత్త నకిలీ, ఇంకా ఒక్కటే బయటికొచ్చింది | తీరిక ఉన్నవాళ్ళకి |
| ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్‌రేలతో లోహం గుర్తించేది) | తప్పుడు లోహం | సరైన లోహం, తప్పుడు వయసు | ల్యాబ్ అందుబాటులో ఉంటే |

ఎక్స్‌ఆర్‌ఎఫ్ గురించి ఒక మాట. బంగారం కొట్టులో స్వచ్ఛత చూసే యంత్రం ఇదే కదా, అక్కడ పెట్టించేద్దాం అని చాలామందికి తడుతుంది. ఆ యంత్రాలు బంగారం, వెండి, రాగి లాంటి బరువు లోహాలకు సెట్ చేసి ఉంటాయి. మెగ్నీషియం, అల్యూమినియం చాలా తేలిక మూలకాలు, వాటిని అవి సరిగా చూడలేవు. జింకో, సీసమో, వెండో ఉంటే మాత్రం వెంటనే చెబుతుంది. అంటే నకిలీ అని తేల్చగలదు గానీ అసలు అని తేల్చలేదు.

ఏం చేసినా చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబుకి చేసినట్టు పాత నాణేలన్నిటికీ చేసేస్తారు మన ఇళ్ళలో. మెగ్నీషియం మీద పులుపు పడితే బుసబుసమని బుడగలొచ్చి లోహం కరిగిపోతుంది. నిమ్మకాయ, వెనిగర్ అదే పని చేస్తాయి. నిప్పు పెట్టి చూడమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, మెగ్నీషియం అయితే మండుతుందట. మండాక మీకు మిగిలేదేంటి మరి?

ఇప్పుడు దారులు ఒక్కొక్కటే

*విడి నాణెం.* ధర తక్కువ, రిస్క్ ఎక్కువ. ఈ దారిలో వెళ్ళాలంటే మూడు విషయాలు రాతలో తెచ్చుకోండి: బరువు, అంచుతో సహా ఫొటోలు, నకిలీ అని తేలితే వాపసు తీసుకుంటానన్న మాట. అమ్మేవాడు సొంతంగా ప్రింట్ చేసిచ్చే "ఒరిజినల్ సర్టిఫికెట్" విలువ ఆ కాగితం విలువే. "మా తాతగారు అక్కడ నుంచి బయటపడ్డారు" అన్న కథ నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ కథ నాణెం మీద రాసి ఉండదు. పాత వేలంపాటలో అమ్ముడైన రికార్డు, ఫొటోతో సహా ఉంటే దానికి విలువుంది, ఎందుకంటే నొక్కులూ గీతలూ పోల్చి అదే నాణెం అని తేల్చుకోవచ్చు. ఒకే అమ్మకందారు దగ్గర ఐదు, పది, ఇరవై మార్కులు మూడూ చక్కటి పెట్టెలో సెట్టుగా ఉన్నాయంటే, అందులో ఇరవై మార్కులది ఎలా వచ్చిందని అడగండి. జవాబు అవసరం లేదు, అడిగాక ఏమంటాడో వినడానికి.

*సీల్ చేసిన నాణెం.* ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు అసలుదని నమ్మితేనే గ్రేడ్ ఇస్తాయి. ఖర్చు ఎక్కువ. కానీ పైన చెప్పిన టెన్షన్ అంతా మీ తల మీద నుంచి దిగిపోతుంది. ఒక్కటే పని మీకు మిగులుతుంది: డబ్బా మీద నంబరుని ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలో ఉన్న నాణెంతో పోల్చడం. డబ్బాలకూ నకిలీలున్నాయి, నిజమైన నంబరు వేసి అందులో వేరే నాణెం పెడతారు. మట్టిలోంచి తీసిన నాణేలకు చాలావాటికి గ్రేడ్ అంకె బదులు పాడైంది అన్న మాట లేబుల్ మీద ఉంటుంది. దాన్ని చూసి మొహం తిప్పుకోకండి. ఇది అసలుదే, అందం తక్కువ అని అర్థం, ధర కూడా దానికి తగ్గట్టు దిగుతుంది. నా లెక్కలో నాణెమే కావాలనుకునేవాళ్ళకి అన్నిటికన్నా మంచి బేరం ఇదే. అందమైన గెట్టో నాణెం ఎవరికి కావాలి?

*కాగితం నోటు.* దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాణేల మోజులో పడి చాలామంది దీన్ని వదిలేస్తారు. తెరేజియన్‌స్టాట్ ఇప్పటి చెక్ దేశంలోని తెరెజిన్. అక్కడి నోట్లు 1943 జనవరి 1 తేదీతో 1 నుంచి 100 క్రోనెల దాకా ఏడు విలువల్లో ఉన్నాయి. గీసింది గెట్టోలోనే ఉన్న పీటర్ కీన్ అనే యువ చిత్రకారుడు, 1944లో ఆష్విట్జ్‌లో చనిపోయాడు. ఒకవైపు ధర్మశాసన పలకలు పట్టుకున్న మోషే బొమ్మ. సంతకం అక్కడి యూదుల పెద్దగా ఉన్న యాకోబ్ ఎడెల్‌స్టైన్‌ది. నోట్లు చేతుల్లోకి వచ్చేసరికే ఆయన్ని ఆ పదవి నుంచి దించేశారు, 1944 జూన్‌లో ఆష్విట్జ్‌లో కాల్చి చంపారు. ఆయన్ని చంపిన మూడు రోజులకి, జూన్ 23న, రెడ్‌క్రాస్ ప్రతినిధులు తెరేజియన్‌స్టాట్‌కి వచ్చారు. వాళ్ళకి చూపించడానికి సిద్ధం చేసిన నాటకంలో ఈ డబ్బు, దానికో బ్యాంకు కూడా భాగమే. నిజానికి ఆ డబ్బుతో కొనడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

అందుకే ఈ నోట్లు చాలావరకు నలగకుండా మిగిలిపోయాయి. సేకరించేవాళ్ళకి దీని అర్థం రెండు రకాలు. ఒకటి, కొత్తగా పెళపెళలాడుతోందని అనుమానపడాల్సిన పని లేదు. రెండు, చిన్న విలువల నోట్లు బాగానే దొరుకుతాయి, ధర అందుబాటులో ఉంటుంది, నకిలీ చేసేవాడికి పెద్దగా గిట్టదు. పరీక్ష కూడా తేలిక. లూప్ కింద ఇంక్‌జెట్ చుక్కల తుంపర కనిపిస్తే నకలు. చీకటి గదిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేస్తే పాత కాగితం మందకొడిగా ఉంటుంది, ఇప్పటి తెల్ల కాగితమైతే నీలంగా వెలిగిపోతుంది, ఎందుకంటే కాగితానికి తెలుపు పెంచే రసాయనాలు యుద్ధం తర్వాతే విరివిగా వాడకంలోకి వచ్చాయి. అయితే వెలగనంత మాత్రాన అసలుదని కాదు, ఆ రసాయనం లేని కాగితం ఇప్పటికీ దొరుకుతుంది. ఇంకో విడ్డూరం, ఈ నోట్ల మీద నకిలీ చేసినవాళ్ళకి కఠిన శిక్ష అని హెచ్చరిక అచ్చయి ఉంటుంది.

లోడ్జ్ రుమ్కీల సంగతి మధ్యస్థం. చిన్న విలువలవి నలిగి, మడతలు పడి దొరుకుతాయి, అవి నిజంగా చేతులు మారిన డబ్బు. పెద్ద విలువలవి ఖరీదెక్కువ, జ్ఞాపికలుగా అచ్చేసిన నకళ్ళు కూడా తిరుగుతుంటాయి కాబట్టి వాటిని నోట్లకి గ్రేడ్ ఇచ్చే పీఎంజీ లాంటి సంస్థ సీల్ చేసినవే తీసుకోవడం మేలు.

*తెలిసే కొనే నకలు.* బడిలో పిల్లలకి చూపించడానికో, మాట్లాడేటప్పుడు చేతిలో తిప్పడానికో అయితే ఇదే సరైనది, అసలు నాణేన్ని నలభై మంది పిల్లల చేతుల్లో పెట్టకూడదు కూడా. అమెరికాలో 1973 నుంచి చట్టం ఉంది, నకలు నాణెం మీద అది నకలని ఇంగ్లిష్‌లో చెక్కి ఉండాలి. అలా చెక్కి ఉన్నదే కొనండి. ఆ గుర్తుని అరగదీసి అసలుదిగా అమ్మేవాళ్ళున్నారు కాబట్టి, విడి నాణేల్లో ఎక్కడైనా ఒక చిన్న చోటు మాత్రమే అనుమానంగా నున్నగా కనిపిస్తే దీన్ని గుర్తుచేసుకోండి.

ఎవరికి ఏది

చరిత్ర మీద ఆసక్తి, నాణేల అనుభవం తక్కువ అయితే తెరేజియన్‌స్టాట్ నోటు, ఇంకో ఆలోచన వద్దు. ప్రపంచ నాణేలు చాలాకాలంగా సేకరిస్తూ ఈ ఒక్క పేజీ ఖాళీగా ఉందనుకునేవాళ్ళు సీల్ చేసిన, పాడైందని లేబుల్ ఉన్న 10 మార్కులది వెతుక్కోండి. మెగ్నీషియం, అల్యూమినియం రెండు రకాలూ పక్కపక్కన పెట్టుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు మాత్రమే విడి నాణేల జోలికి వెళ్ళండి. వాళ్ళకి నకిలీలు గుర్తుపట్టడం కూడా సరదాలో భాగమే. పెట్టుబడిగా కొందామనుకునేవాళ్ళకి నా దగ్గర సలహా లేదు, ఉన్నా ఇవ్వబుద్ధి కాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నాణేల ప్రదర్శనల్లో ఇవి ఎప్పుడైనా బల్ల మీద కనిపించొచ్చు. మన డీలర్లు మంచివాళ్ళే అయినా, నిజాం నాణేలు చూసినన్ని గెట్టో నాణేలు చూసి ఉండరు, కాబట్టి వాళ్ళు "గ్యారంటీ" అన్నా అది తాము ఎవరి దగ్గర కొన్నారో వాళ్ళ మీద నమ్మకమే. అక్కడ ఒక సౌలభ్యం మాత్రం ఉంది, నాణెం చేతిలో పట్టుకుని, త్రాసు మీద పెట్టి చూడొచ్చు. విదేశం నుంచి తెప్పిస్తే ఆ సౌలభ్యం ఉండదు, పైన కస్టమ్స్ సుంకం పడొచ్చు, నకిలీ అని తేలాక తిరిగి పంపే ఖర్చు ఎవరిదన్న గొడవ ఉంటుంది. అందుకని డబ్బు కట్టకముందే తిరుగు పోస్టేజీ ఎవరు భరిస్తారో మెయిల్‌లో రాయించుకోండి.

ఇప్పటికే కొనేసి, ఇది చదువుతూ అనుమానం వచ్చినవాళ్ళు ముందు బరువు చూడండి, తర్వాత అమ్మినవాడికి ఫొటోలతో రాయండి. వాపసు గడువు దాటిపోయిందంటే, కవరు మీద పెన్నుతో "నకలు" అని, ఎప్పుడు ఎంతకి కొన్నారో రాసి, లోపల కూడా ఒక చీటీ పెట్టి దాచుకోండి. రాయకుండా వదిలేస్తే రేపు మీ పిల్లలో మనవలో దాన్ని అసలుదనుకుని ఇంకొకరికి అమ్మేస్తారు.